కడిగి తెచ్చిన ముంత

“బేడీలెయ్యండి దీనికి. బండి కట్టండి. తెల్లారే లోపల ఇది నల్లగొండ జైల్ల ఉండాలె.”

జిల్లా కచేరి నుంచి వచ్చిన సదర్ అమీన్ నరహరిరావు ఈ మాట అనేసరికి, ఆ హద్దుకు అసలు అమీన్, అంటే ఠాణా అధికారి అయిన యాకూబ్ ఇంకా సైకిల్ దిగనే లేదు. నార్కట్‌పల్లి దారిన మాడు పగిలే ఎండలో తొక్కుకుంటూ వచ్చిన మనిషి, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఖూనీ జరిగింది తన హద్దులో. కబురు తనకు అందింది ఒంటిగంటకు. ఈలోగా పై అధికారి వచ్చి పంచనామా రాసి, ఖూనీ చేసిందెవరో కూడా తేల్చేసి, గుర్రం నీడన కూర్చుని మరచెంబు ఎత్తి పెదవులు తగలకుండా నీళ్ళు తాగుతున్నాడు. యాకూబ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

కేతేపల్లికి రెండు కోసుల దూరాన గుండ్లగూడెం. ఊరి బయట, వెలివాడలోని మూడు కుటుంబాలు వంతుల వారీగా నీళ్ళు తోడుకునే మోటబావి. ఆ బావి ఒడ్డున, ఆ పూట మోట కొట్టిన ఇస్రాయేలు శవం గొంగడి కింద ఉంది. తల పక్కన తళతళలాడే సత్తు ముంత. ముంతకు రెండడుగుల దూరంలో పుల్లమ్మ నేల మీద కూర్చుని ఉంది. జవాను చోటే మియా చేతిలో బేడీలు పట్టుకుని, ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరు అమీన్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఏం సబూతు ఉన్నదని బేడీలు సాబ్?” అన్నాడు యాకూబ్.

“సబూతా? ఇది పొద్దుగాల అంబలి తెచ్చింది. వాడు తాగిండు, సచ్చిండు. పన్నెండేండ్ల కింద దీని మొగడు పెద్దులు గీ బావిల్నే పడి సచ్చె. మొన్న శనివారం గీ ఇస్రాయేలు ప్రార్థన గుడిల నిలబడి, పెద్దులు బావిల పడలేదు, కొట్టంగ సచ్చిండు, కదలకుండ కాళ్ళు పట్టింది నేనే అని ఒప్పుకున్నడట. ఇది అందరి ముందట మాఫ్ జేసిన అన్నది. మూడో దినం ఇసం పెట్టింది. గంతే. పెద్ద చిక్కేముంది ఇండ్ల?”

“కొట్టింది ఎవరో చెప్పిండా?”

నరహరిరావు మరచెంబు మూత నెమ్మదిగా బిగించాడు. “చెప్పలేదట. అదాలత్‌ల చెప్త అన్నడట. ఇప్పుడింక చెప్పడు గదా.”

యాకూబ్ జేబులోంచి గడియారం తీశాడు. మూడయింది. “నా హద్దు సాబ్ ఇది. నా దస్తకత్ లేంది బండి కదలదు. ఒక్క గంట ఇయ్యండి.”

“నాలుగు గొట్టంగ కదలాలె. నిమిషం ఎక్కువైతే నిన్ను గూడ అదే బండిల ఎక్కిస్త.”

యాకూబ్ వెళ్ళి పుల్లమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె తలెత్తింది. ఆయన చూపు తిప్పుకుని చోటే మియా అందించిన పంచనామా కాగితం వైపు చూశాడు. ఆ కళ్ళను ఆయన పన్నెండేళ్ళ కింద చావడి గడపలో ఒకసారి చూశాడు. రెండోసారి చూడకుండా ఇన్నాళ్ళూ ఈ ఊరు తప్పించుకు తిరిగాడు. దొంగతనాలైతే జవాన్లను పంపాడు. ఖూనీకి తాను రాక తప్పింది కాదు.

“పుల్లమ్మా, అంబలి ఎప్పుడు తెచ్చినవ్?”

“పొద్దెక్కినంక. ఎడ్లు కట్టి మోట కొడుతున్నడు.”

“అంబలి దేంట్ల పోసినవ్?”

“వాని ముంతల్నే. నేను ఒక గుక్క తాగి వానికిచ్చిన. నీకు ఎరుకలేదా మా పద్ధతి?”

ఆయనకు తెలుసు. ఆ వాడలో పగపడ్డ ఇళ్ళ మధ్య పొయ్యిలోకి నిప్పు కూడా ఇచ్చిపుచ్చుకోరు. ఆ పగ తీరాలంటే తప్పు చేసినవాడు వచ్చి నలుగురిలో ఒప్పుకోవాలి. అప్పుడు నష్టపోయినవాళ్ళు అంబలి కాచి, వాడి ముంతలోనే పోసి, ముందు తాము తాగి వాడికి ఇస్తారు. వాడు తాగాక ఆ ముంతను తమ ఇంటికి పట్టుకుపోయి, బూడిదతో తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, తెచ్చి వాడి చేతిలో పెడతారు. ముంత తిరిగి చేతికి వచ్చేదాకా మాఫీ పూర్తయినట్టు కాదు.

“ముంత పట్టుకపోయినవా?” యాకూబ్ గొంతు తగ్గించి అడిగాడు.

“పట్టుకపోయిన. తోమిన, ఆరబెట్టిన. పొద్దు నడినెత్తికొచ్చే యాళ్ళకు తెచ్చిన. తెచ్చేసరికి...” ఆమె ముంత వైపు చెయ్యి చూపి గొంతు ఇంకా తగ్గించింది. “చేతిల పెడ్దమంటే చెయ్యి బిగుసుకపోయింది సాబు. ముంత అందుకోకముందే పాయె. పన్నెండేండ్లు వాని మొకం చూడలే నేను. చూద్దమనుకున్న దినమే సచ్చిండు.”

“నువ్వు పోయేటప్పుడు వాడేమన్నడు?”

“నలభై బొక్కెనలైనయి, ఇంక అరువై తోడి ఇంటికి పోత అన్నడు. రేపు నల్లగొండకు పోయి అంత చెప్త అన్నడు. నవ్విండు సాబు. వాడు నవ్వంగ నేను ఎన్నడు చూడలే.”

“అదాలత్‌ల ఎవలి పేరు చెప్తనన్నడు?”

పుల్లమ్మ ఆయన్నే చూసి, “పన్నెండేండ్ల కింద నేను గొంతు పోయేదాక చెప్పిన. గప్పుడు ఎవలిన్నరు?” అంది.

దూరంగా గుర్రం దగ్గరనుంచి నరహరిరావు గట్టిగా నవ్వాడు. “అంబలి తాగిన అంటున్నది. తాగంగ చూసినోడెవడు?”

యాకూబ్ లేచాడు. మోట కొట్టేవాడికి గడియారం ఉండదు, గులకరాళ్ళు ఉంటాయి. ఒక్క వంతుకు నూరు బొక్కెనలు. బొక్కెన పైకొచ్చి కాలువలో పడ్డప్పుడల్లా ఒక రాయి ఈ గుంటలోంచి ఆ గుంటలోకి మారుతుంది. బావి గట్టు మీద ఆ రెండు గుంటలూ అలాగే ఉన్నాయి. పంచనామాలో వాటి ఊసే లేదు. పెద్దదొరలకు రాళ్ళు రాళ్ళలాగే కనబడతాయి. యాకూబ్ కూర్చుని లెక్కపెట్టాడు. ఇటు తొంభై రెండు, అటు ఎనిమిది.

“చోటే మియా, బేడీలు కిందపెట్టు. ఎడ్లు కట్టు. పది బొక్కెనలు తోడు.”

చోటే మియా ఇంట్లో అన్నదమ్ములంతా మోట కొట్టి పెరిగినవాళ్ళే. ఎడ్లు వెనక్కీ ముందుకూ నడిచాయి. గిరక కీచుమంది. యాకూబ్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. పది బొక్కెనలకు పదమూడు నిమిషాలు పట్టింది.

అదే సమయానికి దిబ్బ అవతలినుంచి గొర్లకాపరి బీరప్ప, ఆగిపోయిన గిరక మళ్ళీ మోగుతోందేమిటా అని తొంగిచూశాడు. యాకూబ్ అతన్ని రమ్మని పిలిచాడు.

“పొద్దుగాల పుల్లమ్మను చూసినవా?”

“చూసిన దొరా. నా ముందట్కెల్లే ఇంటికి పోయింది. ఆమె పోయినంక మస్తుసేపు గిరక మొత్తుకుంటనే ఉండె. సూర్యాపేట మోటరు పోయింది, ఇంక జరసేపటికి గిరక ఆగింది.”

“మోటరు పది గంటలకు పోతది. ఎవలన్నా వచ్చిండ్రా?”

“నేను దిబ్బకు అవతల ఉంటి. ఇనబడతది గని కనబడదు దొరా.”

యాకూబ్ గొంగడి ఎత్తి చూశాడు. తల, మడమలు నేలకు ఆని, నడుము పైకి వంగి బిగుసుకుపోయిన ఒళ్ళు. పళ్ళు కరుచుకుని ఉన్నాయి. ఊరకుక్కలకు పెట్టే ముష్టిగింజల విషం ఇది. ఠాణాలో పదేళ్ళు చేసినవాడెవడైనా గుర్తుపడతాడు. అది లోపలికి పోయాక మనిషికి మిగిలేది పావుగంట, మహా అయితే అరగంట. పుల్లమ్మ వెళ్ళాక ఇస్రాయేలు తోడింది యాభై రెండు బొక్కెనలు. అంటే గంట దాటి ఇంకో ఏడు నిమిషాలు. అంబలిలో విషం ఉంటే ఇరవై అయిదో బొక్కెన కూడా పైకి వచ్చేది కాదు.

వాళ్ళు అంబలి తాగిన బండ దగ్గర నాలుగు చుక్కలు ఒలికి ఎండిపోయి ఉన్నాయి. చీమలు బారులు కట్టి వాటిని నిక్షేపంగా మోసుకుపోతున్నాయి. యాకూబ్ కాలువ వెంట వంగి నడిచాడు. ఎనిమిది బొక్కెనలు మిగిలి ఉండగా ఇస్రాయేలు మోట ఎందుకు ఆపాడు? వంతు మధ్యలో ఎవడూ ఆపడు. ఆగమంటే కాదనలేని పెద్దమనిషి వస్తే తప్ప ఆపడు. పది అడుగుల అవతల, గరికలో ఇరుక్కుని దొరికింది అసలు సంగతి: మోదుగాకు దొప్ప. అడుగున తెల్లగా ఎండిన మజ్జిగ. దాని చుట్టూ చీమలు, ఒక్కటీ కదలడం లేదు.

ఆయన దాన్ని రుమాలులో పెట్టుకుని వచ్చి నరహరిరావు ముందు నిలబడ్డాడు.

“సాబ్, ఇస్రాయేలు అంబలితోటి సావలే. దీంట్ల సల్ల తాగి సచ్చిండు. బావి సుట్టు ఈత, తుమ్మ తప్ప మోదుగ లేదు. ఇది ఎండిన ఆకు, ఈనెపుల్లతోటి ఇంట్ల కుట్టి దొంతరపెట్టుకున్న దొప్ప. వాడల దొప్పల తాగేటోడు ఎవడు లేడు, ఎవని ముంత వానికుంటది. మరి ఇస్రాయేలు దొప్పల ఎందుకు తాగిండు?”

నరహరిరావుకు ఒళ్ళు మండింది. మండినప్పుడు నోరు ముందు పరిగెత్తడం ఆయనకు పాత అలవాటు.

“ఎందుకేంది? చేతిల ముంత లేకపాయె. దొప్పల గాక దేంట్ల తాగుతడు?”

చోటే మియా ఎడ్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. పుల్లమ్మ మెల్లగా తల తిప్పింది.

“ముంత లేదా సాబ్?” యాకూబ్ గొంతు పెంచలేదు. “గదేంది మరి? మీరు రాసిన పంచనామాల రెండో వరసల్నే ఉన్నది, శవం పక్కన సత్తు ముంత ఒకటి అని. పన్నెండు దాటినంక వచ్చిన అని మీరే రాసిండ్రు. పన్నెండు దాటి ఎవలొచ్చినా ముంత చూసిండ్రు. ముంత లేకుండె అన్న ముచ్చట ఇస్రాయేలుకు ఎరుక, పుల్లమ్మకు ఎరుక, ఆమె నా చెవుల ఏస్తే నాకెరుక. ఇంక, పదింటికి గీ బావి కాడ నిలబడి, ముంత కోసం సూసి, దొరకక సంచిలకెల్లి దొప్ప తీసినోనికి ఎరుక.”

నరహరిరావు ఏ ఊరికి పోయినా సంచిలో సొంత దొప్పలూ, గుర్రానికి మరచెంబూ ఉంటాయి. యాకూబ్ ఆయన కింద మూడేళ్ళు జవానుగా చేసినవాడు, ఆ సంచి మోసినవాడు. మనిషిని చంపడానికి చేతులు వచ్చిన పెద్దమనిషికి ఆ మనిషి దోసిట్లో పోయడానికి మాత్రం చేతులు రాలేదు. నాలుగు చుక్కలు ఎగిరి తన చెంబుకు తగిలితే మైల అనుకున్నాడు! ఇస్రాయేలు మాత్రం పట్టుకుని తాగేశాడు. ఆ పొద్దున మాఫీ దొరికినవాడు, ఎదుటివాడికి కూడా మనసు మారి ఉంటుందని నమ్మేశాడు.

నరహరిరావు ఒక్క అడుగు ముందుకు వేసి, రుమాలుతో సహా దొప్పను గుంజుకుని, నలిపి, బావిలోకి విసిరాడు.

“ఏ దొప్ప?” అన్నాడు.

బావి లోపల చిన్న చప్పుడు కూడా కాలేదు.

“నేనే అనుకో,” అన్నాడు నరహరిరావు, ఇప్పుడు తాపీగా. “నా నోటిమాట అదాలత్‌ల నిలుస్తదా? నిలవదు. గీ బికారోన్ని చంపెటందుకు నాకు కారణం గావాలె. ఏం కారణం? చెప్పేటోడు బతికున్నడా? ఆఁ, ఒక్కడున్నడు. ఎవడు యాకూబ్? నువ్వు చెప్తవా?”

యాకూబ్ ఖాళీ చేతిని జేబులో పెట్టుకున్నాడు. నరహరిరావు ఇంకా దగ్గరికి జరిగాడు.

“పెద్దులు పంచనామా కింద సాక్షిగ గవాహీ దస్తకత్ ఎవనిది? చావడి తల్పు కాడ కావలున్నది ఎవడు? మర్సటేడు నీకు జమేదారీ ఎట్లొచ్చింది, దాని మీదికెల్లి అమీన్ ఎట్లయినవ్? నా సిఫారసు గాదా? నోరు తెరిస్తే నాకంటె ముందు నువ్వు పోతవ్.” ఆయన గొంతు తగ్గించాడు, ఇంచుమించు ప్రేమగా. “పన్నెండేండ్లు గడిచినయి యాకూబ్. నీకు పిల్లలున్నరు, నౌకరీ ఉన్నది. కాలం పోతే అన్నీ మాసిపోతయి. ఎందుకు తవ్వుకుంటవ్?”

“మాసిపోయినయా?”

ఆ మాట అన్నది పుల్లమ్మ. నేల మీదనుంచి లేచి నిలబడింది.

“ఎవలికి మాసినయి? ఏండ్లు నీకు గడిసినయి దొరా. నాకు గా ఒక్క పొద్దే ఇంక గడుస్తలేదు. నాకు నొప్పులొస్తున్నయి, మంత్రసానిని పిలవాలె, నీ మూట ఇంకొకలతోటి మోపిచ్చుకో అన్నడు నా మొగడు. గంతే గదా అన్నది? గా మాటకు చావడిల ఏసి కొట్టినవ్. నేను కడుపు పట్టుకొని ఉరికొచ్చిన. గడపల ఒక పోరగాడు తుపాకి అడ్డం పెట్టిండు. అన్నా, జర లోపల్కి పోనియ్యే, నీ కాళ్ళు మొక్కుత అన్న. వాడు నా మొకం చూసి తల తిప్పుకున్నడు.” ఆమె యాకూబ్ వైపు తిరిగింది. “నువ్వు ఇప్పుడు గూడ గట్లనే తిప్పుకుంటున్నవ్ సాబు. నువ్వొచ్చినప్పటిసంది చూస్తున్న.”

యాకూబ్‌కు ఆ రోజు మొత్తం ఒక్కసారి చెవుల్లోకి వచ్చింది. తలుపు వెనక దెబ్బలు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాడు. పదిహేడో దెబ్బ తర్వాత పెద్దులు అరవడం మానేశాడు. అప్పుడు తన వయసు ఇరవై రెండు, హుకుం తనది కాదు, కర్ర తనది కాదు. ఈ మూడు మాటలూ పన్నెండేళ్ళు జపంలా చదివాడు. ఇస్రాయేలుకూ ఆ మూడు మాటలూ ఉన్నాయి, అయినా అతను నలుగురిలో నిలబడి నేనే పట్టుకున్నానన్నాడు. యాకూబ్‌కు ఎదురుగా ఉన్న మనిషి మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద తనకు అంతకు రెండింతలు వచ్చింది.

గడియారం చూశాడు. నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ.

“చోటే మియా, కలం తీయి. రాసుకో.”

“యాకూబ్!” అన్నాడు నరహరిరావు.

“రాయి. ఫసలీ పదమూడు వందల ముప్పై ఎనిమిది, గుండ్లగూడెం చావడిల, అప్పటి అమీన్ నరహరిరావు, వెట్టి మూట మొయ్యనన్నందుకు పెద్దులును కర్రతోటి కొట్టి చంపిండు. చావడిల ఎట్టిపని చేసే సుంకరి ఇస్తారి, తర్వాత బాప్తిస్మం తీసుకొని ఇస్రాయేలు అయినోడు, హుకుం మీద కాళ్ళు పట్టిండు. జవాన్ యాకూబ్ వల్ద్ ఖాసిం...” చోటే మియా తలెత్తాడు. రాయమని యాకూబ్ సైగ చేశాడు. “...తల్పు కాడ కావలున్నడు. చచ్చినోని పెండ్లాన్ని లోపలికి రానియ్యలే. శవాన్ని బావిల ఏసినంక, కాలు జారి పడ్డడని రాసిన అబద్ధపు పంచనామా కింద దస్తకత్ పెట్టిండు. ఇది నేను కండ్లార చూసిన, చెవులార ఇన్న సంగతి. పదిహేడు దెబ్బలు. గది గూడ రాయి.”

చోటే మియా కలం ఆగలేదు గానీ, చేతిమీది చెమట చుక్క పడి అక్షరం చెరిగింది. మళ్ళీ రాశాడు. యాకూబ్ కింద దస్తకత్ పెట్టాడు. అదే దస్తకత్, పన్నెండేళ్ళ కింద పెట్టినదే. బీరప్పను పిలిచి వేలిముద్ర వేయించాడు. బేడీలు తీసి చోటే మియా సంచిలో పడేశాడు.

“పుల్లమ్మను తీస్కపోయే బండి లేదు సాబ్. గీ హద్దుల అమీన్ నేను, నాలుగింటి దాక.”

నరహరిరావు ముఖం నల్లబడింది. గుర్రం ఎక్కి, కళ్ళెం గుంజి, పైనుంచి చూశాడు. “పొద్దు గూకేటాళ్ళకు నేను నల్లగొండల ఉంట. నువ్వు మోటరు దిగేటప్పటికి నీ నౌకరీ ఉండదు. అదాలత్ మెట్లెక్కే దాక నువ్వు ఉంటవో ఉండవో గది గూడ చూద్దాం.” గుర్రం దుమ్ము లేపుకుంటూ పోయింది. మరచెంబు జీనుకు కొట్టుకుంటున్న చప్పుడు దిబ్బ దాటేదాకా వినబడింది.

చోటే మియా కాగితం మడిచి ఇచ్చాడు. “సాబ్, సడక్ మీద పోవద్దు. అడ్డం పెట్టిస్తడు. చేన్లకెల్లి పోదాం.”

యాకూబ్ తల ఊపాడు. కానీ ముందు శవం వైపు తిరిగాడు. పుల్లమ్మ శవం దగ్గర కూర్చుని, బిగుసుకుపోయిన ఇస్రాయేలు వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పడానికి ప్రయత్నిస్తోంది. అవి రాలేదు. చివరికి ముంతను అతని మణికట్టుకూ ఛాతీకీ మధ్య ఇరికించి, కదలకుండా కొంగు ముక్క చింపి కట్టింది. “తీసుకో,” అంది మెల్లగా. “అయిపోయింది. పో ఇగ.”

యాకూబ్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

“పుల్లమ్మా, ఇస్రాయేలును మాఫ్ జేసినవ్. నన్ను...”

“వాడు ఎవలు అడగకముందే వచ్చి చెప్పిండు,” అంది పుల్లమ్మ. “నువ్వు నీ పీకల మీదికొస్తే చెప్పినవ్.” కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి, వాటిని ఆమె తుడుచుకోలేదు. “ఆ దినం పుట్టిన పిల్ల పురిట్లనే పాయె. ఉంటే పన్నెండేండ్లది. దాని ముచ్చట గూడ నీ కాగితంల రాసుకో.”

ఆయన కాగితం విప్పాడు. గట్టు మీద పెట్టి తానే రాశాడు. రాసేదాకా ఆమె చూసింది.

“ఇగ పో. గా మెట్లెక్కి అందరింటుండంగ సదువు. సదివి బతికొస్తే, నీ ముంత పట్టుకొని నా ఇంటికి రా. పొయ్యి ముట్టిస్తనో, తల్పేసుకుంటనో, నాకు గూడ ఎరుకలే. గప్పుడు చూస్త నేను.”